మొగ్గ వదలని చెయ్యి

పెద్దకోడలిది మంచి చెయ్యి అని ఇంట్లోనూ అనుకునేవారు, ల్యాబులోనూ అనుకునేవారు. ఇంట్లో ఆవిడ వేసిన విత్తనం మొలవకుండా ఉండదు. ల్యాబులో ఆవిడ కోసిన ముక్క చిగురు వెయ్యకుండా ఉండదు. హస్తవాసి అన్న పేరు ఒకసారి వచ్చిందంటే ఇక మనిషి పెద్దగా కష్టపడక్కర్లేదు, ఆ పేరే ముందు నడిచి పనులు చక్కబెట్టుకొస్తుంది. మొలవకపోతే విత్తనం పుచ్చు. మొలిస్తే ఆవిడ చెయ్యి.

ఆ ల్యాబులో పండ్ల మొక్కలు తయారుచేస్తారు. నేలలో కాదు, సీసాల్లో. మంచి కాపు కాసే చెట్టు నుంచి మొగ్గ తెచ్చి, కడిగి, క్రిములు చచ్చేలా మందునీళ్ళలో ముంచి, సీసాలో జెల్లీలా గడ్డకట్టిన మందు మీద నిలబెడతారు. దాన్ని వాళ్ళు మీడియా అంటారు. మొక్కకి కావలసిన తిండంతా అందులోనే ఉంటుంది. మొగ్గ పిలక వేస్తుంది. ఆ పిలకని కణుపు కణుపుకీ కోసి మళ్ళీ సీసాల్లో పెడతారు. పెద్దకోడలు చాలా ఏళ్ళు ఆ మొగ్గల గదిలోనే చేసింది. అక్కడ మొదటి పాఠమూ ఆఖరి పాఠమూ ఒకటే, మొగ్గని వదలకూడదు. ఆకుకీ కాడకీ మధ్య సందులో, ఆవగింజలో సగం కూడా లేని మొగ్గ నక్కి ఉంటుంది. ముక్కతో పాటు అది రాకపోతే ఆ ముక్క చెత్తబుట్టకే. పెద్దకోడలు పక్కవాళ్ళతో కబుర్లాడుతూ కోసినా సరే, ఆవిడ ముక్కలో మొగ్గ ఉండేది.

ఆ తర్వాత యజమానికి కొత్త ఆశ పుట్టింది. మొగ్గ నుంచి అయితే ఒక మొగ్గకి ఒకటే మొక్క. అదే ఆకు నుంచి తెప్పించగలిగితే, కోసిన అంచు పొడుగునా గుంపులు గుంపులుగా మొలకలు లేస్తాయి. గింజలు పెద్దగా లేని జామచెట్టు ఒకటి తన తోటలో ఉందనీ, దాని పిల్లలు వేలల్లో కావాలనీ ఒక తోట ఆసామి వచ్చి కూర్చున్నాడు. యజమాని ఆకు సెక్షన్ తెరిచి పెద్దకోడల్ని దానికి పెద్దని చేశాడు. సాయానికి ఇంకొకరు కావాలంటే ఆవిడే తన తోడికోడల్ని తీసుకొచ్చింది.

చిన్నకోడలు చదువుకున్నదే. పెళ్ళయ్యాక పిల్లలతో సరిపోయి ఆ చదువుని అటకెక్కించింది. పిల్లలు బడికెళ్ళే ఈడు వచ్చాక దింపి దుమ్ము దులిపింది. మొదటిరోజు తెల్లకోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "అక్కా, ఇది నేనేనా?" అంది.

"నువ్వే. బొత్తాలు తప్పు పెట్టుకున్నావ్" అంది పెద్దకోడలు.

ఇద్దరికీ ఒకటే మీడియా. ఒకే సీసాల్లోంచి తీసిన లేత జామాకులు. ఒకే గదిలో, ఒకే ట్యూబులైట్ల కింద పక్కపక్క అరల్లో పెట్టిన గాజు పళ్ళేలు. పెద్దకోడలి పళ్ళేల్లో సగానికి పైగా ఆకులు చిగురు వేశాయి. చిన్నకోడలి పళ్ళేల్లో ఒక్కటీ వెయ్యలేదు. ఆకు కాస్త ఉబ్బేది, కోసిన అంచులు పాలిపోయి గరుకెక్కేవి, ఆ తర్వాత గోధుమరంగుకి తిరిగి అలాగే ఉండిపోయేది. మళ్ళీ పెట్టేది. మళ్ళీ అంతే.

మొదట్లో పెద్దకోడలు ఓదార్చింది. తర్వాత విసుక్కుంది. ఆ తర్వాత అదొక ఆటైపోయింది. ఓసారి కోత గది బయట, అందరూ కోట్లు తొడుక్కుంటున్న చోట, "ఏదీ, చేతులు చాపు" అంది. చిన్నకోడలు చాపింది. "గోళ్ళు తిప్పు." తిప్పింది. బడిలో పిల్లని నిలబెట్టినట్టు నిలబెట్టి ఆ చేతుల్ని అటూ ఇటూ చూసి, "చూడ్డానికి చేతుల్లాగే ఉన్నాయి మరి" అంది. సీసాలు కడిగే పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోట్లు తొడుక్కునేవాళ్ళు కోట్లు తొడుక్కోవడం మానేసి నవ్వారు.

ఇంట్లో అయితే భోజనాల దగ్గర. "అత్తయ్యా, మన చిన్నావిడ ముట్టుకుంటే ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుంది" అంది. అత్తగారికి నవ్వుతో పొలమారింది. మరిది తల తట్టాడు అమ్మకి, తనూ నవ్వుతూనే. చిన్నకోడలు కూడా నవ్వింది, అందరికన్నా గట్టిగా.

నవ్వులాట అక్కడితో అయిపోతే బాగుండేది. ఒకరోజు పెరట్లో కుండీలు సిద్ధం చేసి చిన్నకోడలు విత్తనాల పొట్లం విప్పుతుంటే అత్తగారు వచ్చి పొట్లం తీసుకున్నారు. "నువ్వుండమ్మా. పెద్దమ్మాయి వస్తుందిగా, ఆవిడ వేస్తుంది" అన్నారు. తిట్టినట్టు అనలేదు, మామూలుగా అన్నారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో నాటేది ఏదున్నా పెద్దకోడలి కోసం ఆగేది.

చిన్నకోడలు చేతులు కడుక్కోవడం పెంచింది. సబ్బుతో, ఆపైన స్పిరిట్‌తో, మళ్ళీ సబ్బుతో. వేళ్ళ సందుల్లో తోలు లేచింది.

చివరికి యజమాని పెద్దకోడల్ని తన గదిలోకి పిలిచాడు. "ఒకే మందు, ఒకే ఆకు, ఒకే గది. తేడా చేతుల్లోనే ఉందమ్మా. ఇందులో మనం చెయ్యగలిగింది ఏముంది? వచ్చే నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే సీసాలు కడిగే దగ్గర మనిషి కావాలి, అక్కడ ఉండమనండి. లేదంటే మానెయ్యమనండి. నేను చెప్తే బాగోదు, మీరైతే ఇంటి మనిషి."

ఇంటి మనిషి ఆ సాయంత్రం బస్సులో చెప్పింది. "నేను తీసుకొచ్చానన్న మాట పోకుండా చూడు. నీ వల్ల నాకు తల వంపులుగా ఉంది" అని కూడా చెప్పింది. చిన్నకోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరే అక్కా" అంది.

*

తోట ఆసామికి ఫొటోలు పంపాలన్నాడు యజమాని. "చిగురు ఆకులోంచి బయటికి వచ్చే చోటు దగ్గరగా తీసివ్వండి. ఆయనకి నమ్మకం కుదరాలి."

అప్పటిదాకా ఆ చోటు ఎవరూ చూడలేదు. చిగురు మామూలు కంటికే పచ్చగా కనబడుతుంటే దాని మొదలు ఎక్కడుందని ఎవరు వెతుకుతారు? పెద్దకోడలు పళ్ళెం తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. పట్టకారుతో ఆకుని పక్కకి తిప్పింది.

చిగురు ఆకు అంచున లేదు. ఆకు మీదా లేదు. తొడిమ అడుగున ఉంది. తొడిమ చివర, గోరు కొస విరిగినంత కాడ పొర అంటుకుని ఉంది. ఆ పొరకీ తొడిమకీ మధ్య సందులోంచి చిగురు లేచింది. ఆ సందులో ఏముంటుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. అన్నేళ్ళు రోజూ చూసిన మొహం అది.

ఇంకో ఆకు తిప్పింది. అదే. పళ్ళెం మార్చింది. అదే. చిగురు వెయ్యని ఆకులు కూడా చూసింది, వాటికి కాడ పొర లేదు. ఎక్కడ పొర వచ్చిందో అక్కడ మొగ్గ వచ్చింది, ఎక్కడ మొగ్గ వచ్చిందో అక్కడ చిగురు వచ్చింది. ఆకు ఆ చిగురుకి తల్లి కాదు, బస్సులో పక్కన కూర్చున్న మనిషి.

ఆవిడ తన కుడిచేతిని చూసుకుంది. ఆకుని మధ్యలో కొయ్యమని యజమాని చెప్పినా, ఆ చెయ్యి మాత్రం పాత పనిలోనే ఉండిపోయింది. తొడిమ మొదట్లో పట్టుకుని కిందికి లాగి, కాడ పొరతో సహా, మొగ్గతో సహా ఊడబెరుక్కుని వస్తోంది. మొగ్గని వదిలితే పాపం అన్నట్టు నేర్చుకున్న చెయ్యి, వదిలెయ్యమన్నా వదలలేదు.

అప్పుడు చిన్నకోడలి పళ్ళెం తెచ్చి పెట్టింది. ఆకు ముక్కలు బ్లేడుతో గీత గీసినట్టు ఉన్నాయి. తొడిమ లేదు, పొర లేదు, అక్రమంగా వెంట వచ్చింది ఏదీ లేదు. ఉత్త ఆకు. ఈ మందు మీద మేం మొలకెత్తం అని ఆ ముక్కలు నెలల తరబడి ఒకటే మాట చెబుతున్నాయి. వినే దిక్కు లేకపోయింది.

చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు మళ్ళీ చెవులు వేడెక్కాయి.

ఆ తర్వాత చేసిన పని ఆవిడ ఆలోచించి చెయ్యలేదని అనడానికి లేదు. ఆలోచించే చేసింది. తొడిమ అడుగు కనబడకుండా ఆకుని వాల్చి, చిగురు ఆకు వెనక నుంచి తొంగి చూస్తున్నట్టు ఫొటో తీసి ఇచ్చింది. యజమాని చూసి, "ఆహా" అన్నాడు.

*

ఆ సాయంత్రం వంటింట్లో చిన్నకోడలు గిన్నెలు తుడుస్తూ, చూపు గిన్నె మీదే ఉంచి, "అక్కా, రేపు నీ పక్కన కూర్చోనా?" అంది.

"ఎందుకు?"

"నువ్వు కోస్తుంటే మొదట్నుంచి చివరిదాకా చూస్తాను. ఇంతకుముందు అడిగితే చూస్తే వచ్చేది కాదన్నావు కదా, మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడింక సిగ్గుపడితే సీసాల దగ్గరికే."

గిన్నె తుడిచే వేళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది. పెద్దకోడలు అటు చూడలేక పొయ్యి మంట తగ్గించింది, అప్పటికే తగ్గించి ఉన్నదాన్ని.

"కూర్చోనివ్వవే పెద్దమ్మాయీ" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. "నీ చెయ్యి గాలి తగిలితే దానికీ కాస్త అబ్బుతుందేమో. మా రోజుల్లో అయితే చెయ్యి అరువు తెచ్చుకునే వీలుండేది కాదు. మీకు ల్యాబులున్నాయి, అన్నీ ఉంటాయి."

చిన్నకోడలు నవ్వింది. పెద్దకోడలు, "సరే, రా" అంది.

ఆ మాట అన్నప్పుడే ఆవిడ బుర్రలో ఒక దారి పడింది. చిన్నదానికి ఆ లాగుడు నేర్పేస్తే చాలు. దాని పళ్ళేల్లోనూ చిగుళ్ళు వస్తాయి. ఉద్యోగం ఉంటుంది. ఇంట్లో మాట పడదు. ఈలోగా ఏదో ఒక మందు మార్చి, నిజంగానే ఆకులోంచి తెప్పిస్తే పాతదంతా ఎవరు తవ్వుతారు? ఎవరికీ నష్టం లేదు అనుకుంది. తనకి నష్టం లేదు అని నేరుగా అనుకోవడానికి మొహమాటపడే మనిషి ఎప్పుడూ ఎవరికీ నష్టం లేదు అనే అనుకుంటుంది.

మర్నాడు కోత గదిలో రెండు స్టూళ్ళు పక్కపక్కన వేసుకున్నారు. ముందు గాజు పలక, లోపల్నుంచి మొహం మీదికి సన్నగా వడగట్టిన గాలి, స్పిరిట్ వాసన, చిన్న మంట. పెద్దకోడలు పట్టకారు మంటలో కాల్చి, చల్లారనిచ్చి, సీసాలోంచి జామ పిలక తీసింది. చిన్నకోడలు ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటోంది.

"ఆకుని మధ్యలో పట్టుకోకు. తొడిమ మొదట్లో పట్టుకో. పట్టుకుని కిందికి లాగు. ఇలా."

చిన్నకోడలు ముందుకి వంగింది. కాసేపు చూసింది. "అక్కా, కాడ పొర కూడా ఊడొచ్చింది. తీసెయ్యనా?"

పెద్దకోడలి పట్టకారు ఆగింది. ఆ ఒక్క ప్రశ్నలో మొత్తం ఉంది. చిన్నది ఏమీ తెలియకుండానే తలుపు తీసి నిలబడింది, లోపలికి అడుగుపెట్టి నిజం చెప్పడమే తరువాయి.

"ఉండనీ" అంది.

"సార్ తొడిమ కూడా ఉండకూడదన్నారు కదా మొదట్లో?"

"సార్ ఎప్పుడైనా కోశాడా? ఉండనీ అన్నానా."

"సరే అక్కా" అంది చిన్నకోడలు. తన పట్టకారు కాల్చుకుని, తొడిమ మొదట్లో పట్టుకుని, కిందికి లాగింది. బాగా లాగింది. అది ఏ పనైనా చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, ఆ నెలలన్నీ కూడా చేసింది అదే.

*

మూడోవారంలో ఒకరోజు మధ్యాహ్నం చిన్నకోడలు పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని, నిండు బిందె తొణక్కుండా మోస్తున్నట్టు నడుచుకుంటూ వచ్చింది. పెద్దకోడలి బల్ల మీద పెట్టింది. "అక్కా" అంది. పళ్ళెంలో ఒక చిగురు కాదు, అరడజను చిగుళ్ళు, ఒక్కొక్క ఆకు తొడిమ దగ్గర ఒక్కొక్కటి.

చిన్నకోడలు పెద్దకోడలి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ వేళ్ళ గరుకు పెద్దకోడలి అరచేతికి తగులుతూనే ఉంది. బాగా వచ్చాయి అనాలి. అంది.

"చిన్నమ్మా, ఇంక నా కుర్చీ మీద కన్ను తీసేసినట్టేనా?" అంది సీసాల పెద్దమ్మ గుమ్మంలోంచి.

"నీ కుర్చీ నీకే పెద్దమ్మా. దాని కాలు ఒకటి ఊగుతోంది కూడాను."

అందరూ నవ్వారు. ఈసారి చిన్నకోడలు అందరికన్నా మెల్లగా నవ్వింది, ఇక గట్టిగా నవ్వక్కర్లేని మనిషిలా.

ఇంట్లో చెప్పింది. మా అక్క పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది అని అత్తగారికి చెప్పింది, మొగుడికి చెప్పింది, ఎదురింటావిడకి గోడ మీంచి చెప్పింది. అత్తగారు లోపలికెళ్ళి విత్తనాల పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "ఇదిగో, కుండీల్లో నువ్వే వెయ్యి. పెద్దమ్మాయీ, తోడికోడలంటే నీలా ఉండాలి. ఇంకొకళ్ళయితే పని మర్మం చెప్తారా? కడుపులో దాచుకుంటారు."

పెద్దకోడలు ఆ పూట సరిగా తినలేదు. తలనొప్పి అంది. చిన్నకోడలు వచ్చి నుదుటికి మందు రాసింది. కళ్ళు మూసుకుని పడుకుంది పెద్దకోడలు. నిద్ర కోసం కాదు, కళ్ళు తెరిస్తే రాస్తున్న మనిషి మొహం చూడాల్సి వస్తుందని. తిట్టినా బాగుండేది అనిపించింది. తిట్టే మనిషికి ఏదో ఒకటి బదులు చెప్పొచ్చు. మందు రాసే మనిషికి ఏం చెప్తాం.

ఒకటి రెండు సార్లు చెప్పబోయింది కూడా. బస్సులో ఒకసారి, బట్టలు ఆరేస్తూ ఒకసారి. చెప్తే ఇప్పుడు పోయేది తన పేరొక్కటే కాదు. నెలల తర్వాత వచ్చిన ఆ చిన్న నవ్వు కూడా పోతుంది. అందుకే చెప్పడంలేదు అని తనకి తను చెప్పుకుంది. అది కొంతవరకు నిజం కూడా. కొంతవరకు నిజమైన సాకు చాలా గట్టిగా పట్టుకుంటుంది మనిషిని.

ఆ వారం చివర్లో చిన్నకోడలు చెత్తబుట్ట లాక్కుంటూ అరల దగ్గరికి వచ్చింది. అడుగు అరలో ఆమె పాత పళ్ళేలున్నాయి, ఒక్క చిగురూ వెయ్యనివి. అన్నీ దాచి ఉంచింది, తారీకులు వేసి, వరుసలు తప్పకుండా.

"ఏం చేస్తున్నావ్?" అంది పెద్దకోడలు.

"పారేస్తున్నాను అక్కా. అటు వెళ్ళినప్పుడల్లా కంటపడుతున్నాయి. చూస్తే సిగ్గేస్తోంది. అన్ని నెలలు ఇలాంటి పని చేశానా అని." మొదటి పళ్ళెం తీసి బుట్టలోకి వంచబోయింది.

"పారెయ్యకు."

"ఎందుకు?"

పెద్దకోడలు లేచి వచ్చి ఆ పళ్ళెం ఆమె చేతిలోంచి తీసుకుంది. "ఇలా రా" అంది.

మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. ముందు తన పళ్ళెం పెట్టింది, ఆకు తిప్పి తొడిమ అడుగు చూపించింది. తర్వాత చిన్నకోడలి కొత్త పళ్ళెం పెట్టింది. ఆఖర్న పాత పళ్ళెం. నోటితో చెప్పింది తక్కువ. "ఇది మొగ్గ. ఇదీ మొగ్గే. ఇది ఆకు."

చిన్నకోడలు కన్ను తియ్యకుండా చాలాసేపు చూసింది. మళ్ళీ తన కొత్త పళ్ళెం తనే పెట్టుకుని ఒక్కొక్క చిగురూ చూసింది.

"అయితే ఆకులోంచి ఎవరికీ రాలేదు" అంది.

"రాలేదు."

"నా పాతవి తప్పు కాదు."

"కాదు. నీ కోతే సరైన కోత. మందు సరిపోలేదు, అంతే. నీవి మొదట్లోనే సరిగా చూసి ఉంటే ఈపాటికి మందు మార్చేవాళ్ళం."

చిన్నకోడలు కన్ను పైకెత్తింది. "నీకెప్పుడు తెలిసింది?"

ఈ ప్రశ్న వస్తుందని పెద్దకోడలికి తెలుసు. తెలిసీ దానికి జవాబు సిద్ధం చేసుకోలేదు. "ఫొటోలు తీసిన రోజు."

"అంటే నాకు నేర్పక ముందే."

"ముందే."

"నేను అడిగాను అక్కా. పొర తీసెయ్యనా అని అడిగాను."

"అడిగావు."

"ఉండనీ అన్నావు."

"అన్నాను."

చిన్నకోడలు ఏడవలేదు. చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, వాటిని చూస్తూ కూర్చుంది. "నీకు తెలియకుండా జరిగిందంటే నాకు బాధ లేదు. మొగ్గల గదిలో చేసిన చెయ్యి, ఎవరిదైనా అలాగే లాగుతుంది. తెలిశాక ఎందుకు చేశావో అడుగుదామనుంది. కానీ నువ్వేం చెప్తావో నాకు తెలుసు, నా మంచికే అంటావు."

పెద్దకోడలు సరిగ్గా ఆ మాటే అనబోయి ఆగింది. "సార్‌తో ఇప్పుడే చెప్తాను" అంది.

"చెప్పు. ఇక్కడి సంగతి ఇక్కడ చెప్పు." చిన్నకోడలు పాత పళ్ళేలన్నీ మళ్ళీ అడుగు అరలో వరుసగా పేర్చింది. పేర్చడం అయ్యాక, ఇటు తిరక్కుండానే, "మరి ఇంట్లో?" అంది.

*

యజమానికి చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. ఆయన ముందు కుర్చీలో వెనక్కి వాలాడు, తర్వాత ముందుకి వంగాడు, "ఆ ఆసామికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు. "నేను చెప్తాను సార్" అంది. ఆయన ఎగాదిగా చూశాడు. కేకలెయ్యలేదు. కేకలేస్తే లెక్క అక్కడితో తేలిపోయేది. "రేపట్నుంచి కోత చిన్నామె చూస్తుంది. మీరు మందు కలిపే దగ్గర ఉండండి. మళ్ళీ మొదట్నుంచి" అన్నాడు. పెద్దకోడలు బయటికి వచ్చి గోడకి ఆనుకుంది. అయిపోయింది అనిపించింది ఒక్క క్షణం.

కానీ బస్సులో కూర్చున్నాక అసలుది ఇంకా అలాగే ఉందని తెలిసింది. యజమాని ముందు పోయింది ఒక సెక్షను. ప్లాస్టిక్ పువ్వు మాట అన్నది యజమాని ముందు కాదు. చిన్నకోడలు పక్క సీట్లో కూర్చుంది, ఎప్పట్లాగే. ఎప్పట్లాగే కిటికీలోంచి బయటికి చూసింది.

భోజనాలకి అందరూ కూర్చున్నారు. అత్తగారు వడ్డిస్తున్నారు. మరిది రోజంతా పడిన తిప్పలు చెబుతున్నాడు. పెద్దకోడలి మొగుడు వింటున్నట్టు తల ఊపుతూ కూర వైపు చూస్తున్నాడు.

"అత్తయ్యా, ఒక మాట" అంది పెద్దకోడలు.

"చెప్పమ్మా."

"ల్యాబులో పొరపాటు నాది. చెల్లిది కాదు. నా పళ్ళేల్లో వచ్చినవి ఆకులోంచి వచ్చినవి కావు. నేను తెలియక మొగ్గతో కలిపి కోసేదాన్ని. తను మొదట్నుంచీ సరిగానే కోసింది. తన చెయ్యి మంచిదే. నేనే లేనిపోని మాటలన్నాను."

మరిది పెళ్ళాం వైపు చూశాడు. చిన్నకోడలు కంచంలో అన్నం కలుపుతూనే ఉంది.

అత్తగారు గరిటె పట్టుకుని నిలబడి పెద్దకోడలి వంక చూశారు. చూస్తూ చూస్తూ ఆవిడ మొహం మెత్తబడింది. "చూశావురా" అన్నారు పెద్దకొడుకుతో. "తోడికోడలికి పేరు రావాలని తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. ఈ రోజుల్లో ఇలాంటి మనసు ఎవరికుంటుంది? తినమ్మా తిను, చల్లారిపోతోంది." కంచంలో ఇంకో గరిటె కూర వేశారు.

చిన్నకోడలు అన్నం కలపడం ఆపింది. తల ఎత్తి పెద్దకోడలి కేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడగడం కూడా లేదు. వింటోంది, అంతే. ఇక్కడితో ఊరుకుంటుందా, ఇంకా ఉందా అని వింటోంది.

ఊరుకోవచ్చు. చెప్పాల్సింది చెప్పినట్టే ఉంది, వచ్చిన పేరు ఇంకాస్త పెరిగినట్టూ ఉంది. 'తెలియక' అన్న మాట దగ్గరే తన ఒప్పుకోలు దారి తప్పిందని పెద్దకోడలికి అర్థమైంది. ఆ మాట తనే వేసింది, మెత్తగా ఉంటుందని.

కంచం పక్కకి జరిపింది. "వినండి అత్తయ్యా. మొదట్లో తెలియక చేశాను. తర్వాత తెలిసింది. తెలిశాకే చెల్లిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. నా తప్పు బయటపడకూడదని, అదే తప్పు దానికీ నేర్పాను. ఇది తీసెయ్యనా అక్కా అని అది అడిగింది కూడా. వద్దన్నాను. పని మర్మం చెప్పానని మీరు మెచ్చుకుంటుంటే వింటూ ఊరుకున్నాను."

ఈసారి అత్తగారి మొహం మెత్తబడలేదు. పెద్దకోడల్ని చూశారు, చిన్నకోడల్ని చూశారు, మళ్ళీ పెద్దకోడల్ని చూశారు. పెద్దకొడుకు తల వంచుకున్నాడు.

"నిజమేనా అమ్మాయ్?" అని ఆవిడ చిన్నకోడల్ని అడిగారు.

"నిజమే అత్తయ్యా" అంది చిన్నకోడలు.

అత్తగారు గరిటె గిన్నెలో పెట్టి, చిన్నకోడలి పక్కన చోటు చేసుకుని కూర్చున్నారు. ఎప్పుడూ అందరూ తిన్నాక తినే మనిషి. పెద్దకోడలికి ఎదురుగా ఖాళీ ఉన్నా అటు కూర్చోలేదు. చిన్నకోడలు కంచం జరిపి ఆవిడకి వడ్డించింది. అందరూ తిన్నారు. పెద్దకోడలు కూడా తింది, లేచి వెళ్ళిపోవడం ఇంకో తప్పించుకోవడం అవుతుందని తెలిసి, కంచంలో అదనంగా పడిన ఆ గరిటెడు కూరతో సహా, ఎవరూ చూడని చోట కాకుండా అందరి మధ్యా కూర్చుని.